మీరడిగారు: షుగర్ ప్రొఫెసర్‌గారి పేపర్లలో అసలేముంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు షుగర్, డైట్, పరిశోధన పేపర్ల చుట్టూనే తిరుగుతున్నాయి కాబట్టి వాటినే ముందు తీసుకుంటున్నాను. బీపీ మిషన్ల గురించి అడిగినవాళ్లు వచ్చే నెల దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మా తమ్ముడు వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. "షుగర్ పూర్తిగా పోతుంది, ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ ప్రొఫెసర్ ఒకాయన నిరూపించాడు, వందల పేపర్లు రాశాడు" అంటున్నారు అందులో. నాకు 58 ఏళ్లు, షుగర్ వచ్చి 11 ఏళ్లయింది, రెండు రకాల మాత్రలు వాడుతున్నాను. అది చూసిన దగ్గర్నుంచి మావారు మాత్రలు ఆపేసి డైట్ మొదలుపెట్టమని ఒకటే పోరు. ఎవరండీ ఆ ప్రొఫెసర్? నిజంగానే నిరూపించాడా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ముందు మాత్రల జోలికి రావద్దని మీవారికి గట్టిగా చెప్పండమ్మా. మీ రెండు మాత్రల్లో గ్లిమెపిరైడ్ లాంటిది ఒకటుంటే, దాన్ని వేసుకుంటూ తిండి సగానికి సగం తగ్గించినా షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మాత్ర ఆపేసి తిండి మామూలుగా తింటే షుగర్ పైకి ఎగబాకుతుంది. ఏది ఎప్పుడు తగ్గించాలో మీ రిపోర్టులు ఎదురుగా పెట్టుకున్న డాక్టరు చెప్పాలి తప్ప వాట్సాప్ చెప్పేది కాదు.

ఇక ఆ ప్రొఫెసర్ పేరు రాయ్ టేలర్. న్యూకాజిల్ యూనివర్సిటీలో మెడిసిన్ ప్రొఫెసర్‌గా పనిచేశాడు, అక్కడి ఎంఆర్ఐ పరిశోధన కేంద్రాన్ని నిలబెట్టింది కూడా ఆయనే. వందల పేపర్లు అన్నదీ అబద్ధం కాదు. కాకపోతే మీకు పనికొచ్చేవి వాటిలో ఓ అరడజను, వాటిని వరసగా చదివితేనే ఆయనేం నిరూపించాడో, ఏం నిరూపించలేదో తెలుస్తుంది. వీడియోల వాళ్లు ఆ అరడజనులోంచి కూడా ఒకే ఒక్క అంకె పట్టుకుని ఊదరగొడుతున్నారు.

కథ మొదలైంది బరువు తగ్గించే ఆపరేషన్ల దగ్గర. పొట్ట ఆపరేషన్ చేయించుకున్న షుగర్ పేషెంట్లకు రోజుల్లోనే, అంటే బరువు ఇంకా పెద్దగా తగ్గకముందే, షుగర్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. పేగుల్లో హార్మోన్లు మారడం వల్ల అనేది అప్పట్లో అందరూ చెప్పే కారణం. టేలర్‌కి వచ్చిన అనుమానం చాలా మామూలుది: ఆపరేషన్ అయినవాడు ఆ వారం రోజులూ అసలేం తింటాడు? ఏమీ తినడు కదా, మరి దానివల్లే తగ్గిందేమో! దీని మీద 2008లో డయాబెటోలోజియా అనే జర్నల్లో ఒక పేపర్ రాశాడు. దాంట్లో కొత్త పేషెంట్లు లేరు, ఉన్నదంతా ఒక ఊహ. అవసరానికి మించిన తిండి ఏళ్ల తరబడి తింటే కొవ్వు లివర్‌లో చేరుతుంది, కొవ్వు పట్టిన లివర్ ఇన్సులిన్ మాట వినకుండా పగలూ రాత్రీ రక్తంలోకి చక్కెర వదులుతూనే ఉంటుంది, ఆ లివర్‌లోంచే కొవ్వు క్లోమగ్రంథికి (ప్యాంక్రియాస్) కూడా చేరి ఇన్సులిన్ తయారుచేసే కణాలను మొద్దుబారుస్తుంది. ఇవి రెండూ ఒకదాన్నొకటి ఎగదోస్తుంటాయి. కొవ్వు బయటికి పోతే రెండూ వెనక్కి తిరగాలి మరి. ఇదీ ఆయన లెక్క.

ఊహలు ఎవరైనా చెప్తారు. ఈయన దాన్ని పరీక్షకు పెట్టాడు, నాకు నచ్చిందీ అదే. 2011లో వచ్చిన పేపర్లో పేషెంట్లు ఎంతమందో తెలుసా? 11 మంది. రోజుకు 600 క్యాలరీలు, ఎనిమిది వారాలు. వారం తిరిగేసరికి పరగడుపు షుగర్ సగటున 9.2 నుంచి 5.9కి పడింది, మన లెక్కలో చెప్పాలంటే 166 నుంచి 106కి. ఎనిమిది వారాల్లో లివర్ కొవ్వు 12.8 శాతం నుంచి 2.9కి, క్లోమంలో 8 నుంచి 6.2కి దిగింది. క్లోమంలోని ఆ రెండు శాతం కూడా లేని తేడాను కొలవడానికే అంత ఖరీదైన ఎంఆర్ఐ కావాల్సి వచ్చింది. ఆ 11 మందికీ షుగర్ వచ్చి నాలుగేళ్లు కూడా దాటలేదని గుర్తుంచుకోండి, మీ విషయంలో అది ముఖ్యం.

తర్వాత వచ్చిన ప్రశ్న సహజంగానే, డైట్ ఆపితే? షుగర్ పాతబడితే? 2016లో 30 మందితో ఇంకో పేపర్. ఈసారి షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు దాటినవాళ్లనూ తీసుకున్నారు. సగటు బరువు 98 కిలోల నుంచి 84కి దిగి, మామూలు తిండికి వచ్చాక కూడా ఆరు నెలలు అక్కడే నిలిచింది. కానీ ఆరు నెలల తర్వాత షుగర్ అదుపులో ఉన్నవాళ్లు 30 మందిలో 13 మందే, వాళ్లలోనూ ఎక్కువమంది షుగర్ కొత్తగా వచ్చినవాళ్లు. పాతవాళ్లలో క్లోమం అంత తేలిగ్గా లేవలేదు. అంటే తన ఊహకు హద్దు ఎక్కడుందో ఆయన పేపరే చెప్పింది. వీడియోలో ఈ పేపర్ ఊసే లేదని పందెం కాస్తాను.

ఆ తర్వాత అసలు పెద్దది, డైరెక్ట్ అనే ట్రయల్. గ్లాస్గోలోని మైక్ లీన్‌తో కలిసి చేశారు, 2017 డిసెంబర్‌లో లాన్సెట్ అనే వైద్య జర్నల్లో వచ్చింది. స్కాట్లండ్, ఇంగ్లండ్‌లోని టైన్‌సైడ్ ప్రాంతాల్లో 49 మామూలు ఫ్యామిలీ డాక్టర్ల క్లినిక్‌లు, 306 మంది పేషెంట్లు. వయసు 20 నుంచి 65, షుగర్ వచ్చి ఆరేళ్ల లోపు, ఇన్సులిన్ వాడనివాళ్లు, లావుగా ఉన్నవాళ్లు. సగం క్లినిక్‌ల వాళ్లకు మామూలు వైద్యం, మిగతా సగానికి 825 నుంచి 853 క్యాలరీల పౌడర్ డైట్ (తిండి బదులు కలుపుకుని తాగే పౌడర్లు), మూడు నుంచి ఐదు నెలలు. మీవారు అడుగుతారు కాబట్టి దాచకుండా చెప్తాను, అవును, డైట్ గ్రూపులో షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మొదటి రోజే ఆపేశారు. కానీ క్లినిక్‌లో శిక్షణ పొందిన నర్సో డైటీషియనో వరసగా చూస్తూ, పెరిగితే మళ్లీ మాత్ర ఇచ్చే ఏర్పాటుతో ఆపారు.

ఏడాది తర్వాత మాత్రలు లేకుండా మూడు నెలల సగటు షుగర్ (హెచ్‌బీఏ1సీ) 6.5 శాతం లోపు ఉన్నవాళ్లు డైట్ గ్రూపులో 46 శాతం, మామూలు వైద్యంలో 4 శాతం. వీడియోల్లో తిరిగే అంకె ఈ 46. రెండో ఏడాదికి అది 36 అయింది. కాస్త సహాయం కొనసాగిస్తూ ఐదేళ్ల దాకా గమనించిన కొద్దిమందిలో చూస్తే 85కి 11 మంది, అంటే 13 శాతం. ఈ ఐదేళ్ల లెక్కను కూడా వాళ్లే 2024లో అచ్చువేశారు, ఎవరో వచ్చి బయటపెట్టింది కాదు. ఎందుకు తగ్గిందంటే బరువు మళ్లీ పెరిగింది కాబట్టి. మొదటి ఏడాది లెక్కే చూడండి, 15 కిలోలు పైన తగ్గిన 36 మందిలో 31 మందికి షుగర్ వెనక్కి పోయింది, బరువు పెరిగిన 76 మందిలో ఒక్కరికి కూడా పోలేదు. మందు ఏదైనా ఉందంటే అది కిలోలు తగ్గడమే, పౌడర్‌ది కాదు గొప్ప.

మీకు 11 ఏళ్లు. ఆ ట్రయల్లో మిమ్మల్ని చేర్చుకునేవాళ్లే కారు. అలాగని మీకు లాభం లేదని కాదు, బరువు ఎక్కువుంటే ఐదారు కిలోలు తగ్గినా మాత్రల డోసు తగ్గే అవకాశం బాగా ఉంది, బీపీకీ మంచిది. డాక్టరు దగ్గరికి మీవారిని కూడా తీసుకెళ్లండి, ఆ పోరేదో అక్కడ పెడతారు.

ప్రశ్న: నేను న్యూట్రిషన్‌లో ఎమ్మెస్సీ చేస్తున్నాను. సెమినార్లకు వచ్చేవాళ్లను "300 పబ్లికేషన్స్, హెచ్-ఇండెక్స్ 50" అని పరిచయం చేస్తుంటారు. అది వింటే నాకు టెన్షన్ తప్ప ఏమీ అర్థం కాదు. ఒక పరిశోధకుడి పేపర్ల జాబితా చూసి ఆయన పని ఎలాంటిదో ఎలా తెలుసుకోవాలి?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: హెచ్-ఇండెక్స్ కనిపెట్టింది హోర్హే హిర్ష్ అనే ఫిజిక్స్ ఆయన, 2005లో. మీ పేపర్లలో 50 పేపర్లను ఒక్కోదాన్ని కనీసం 50 సార్లు ఇతరులు ఉదహరిస్తే మీ ఇండెక్స్ 50. అంతే, అంతకుమించి బ్రహ్మరహస్యమేమీ లేదు. వయసుతో పాటు పెరుగుతుందే గానీ తగ్గదు. తిడుతూ ఉదహరించినా లెక్కే, వందమంది రచయితల్లో 63వ పేరు మీదైనా లెక్కే. పైన చెప్పిన 2011 పేపర్ ఉంది చూశారా, 11 మంది పేషెంట్లది, అది హెచ్-ఇండెక్స్‌కి ఒకే ఒక్క పేపర్. దాని వెనక జరిగిన ఆలోచన అంతా ఆ ఒకటిలో కలిసిపోతుంది.

నేనైతే పబ్‌మెడ్ తెరిచి (వైద్య పేపర్లను వెతికే వెబ్‌సైట్, ఉచితమే, ఎవరైనా చూడొచ్చు) ఆ మనిషి పేపర్లను పాతవి ముందొచ్చేలా పెట్టుకుంటాను. ఒక పేపర్ చివర మిగిలిపోయిన ప్రశ్నను తర్వాతి పేపర్ పట్టుకుందా, లేక ఏటా గాలి ఎటు వీస్తే అటు, ఓ ఏడాది దాల్చిన చెక్క, మరో ఏడాది విటమిన్ డి, ఆ తర్వాత పేగు బ్యాక్టీరియా అన్నట్టు పోతుందా చూస్తాను. టేలర్ జాబితాలో ఆ దారం కనిపిస్తుంది. మొదట ఊహ, తర్వాత 11 మంది, 30 మంది, 306 మంది, ఆ తర్వాత సన్నవాళ్లు (ఈ సంగతి కింది జవాబులో ఉంది), ఐదేళ్ల తర్వాత ఏమైందన్న లెక్క. ప్రతి మెట్టులోనూ తన మాట తప్పని తేలే అవకాశం ఉంది. ఒక చిన్న చిక్కేమిటంటే ఆర్ టేలర్‌లు బోలెడుమంది. మన దగ్గరైతే మరీ, కె.ఎస్. రావు అని కొట్టి చూడండి, ఎంతమంది రావులు వస్తారో! పక్కన సంస్థ పేరు చూసి ఏరుకోవాలి.

ఇంకోటి, ఫలితం రాకముందే ఏం కొలుస్తామో రాసిపెట్టారా అన్నది. డైరెక్ట్ వాళ్లు 2016లోనే ప్రోటోకాల్ అచ్చువేశారు, 15 కిలోలు తగ్గడం, షుగర్ వెనక్కి పోవడం, ఈ రెండే మా కొలత అని. తర్వాత గోల్‌పోస్ట్ జరపడానికి వీల్లేదు. మన దేశంలో అయితే సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ ఉంది, 2009 నుంచి ట్రయల్స్‌ను అందులో ముందే నమోదు చేయడం తప్పనిసరి. ఏ డైట్ గురువైనా "మేం ట్రయల్ చేశాం" అంటే అక్కడ వెతకండి. దొరక్కపోతే మీకు సగం జవాబు దొరికినట్టే.

డబ్బు ఎవరిచ్చారన్నది పేపర్ చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది తప్పకుండా చదవండి. డైరెక్ట్‌కి డబ్బిచ్చింది డయాబెటిస్ యూకే అనే చారిటీ, పౌడర్ ప్యాకెట్లు ఉచితంగా ఇచ్చింది మాత్రం వాటిని అమ్మే కేంబ్రిడ్జ్ వెయిట్ ప్లాన్ కంపెనీ. ఈ సంగతి పేపర్లోనే ఉంది. దీన్నిబట్టి ఫలితం తప్పని కాదు, పౌడర్ బదులు తక్కువ క్యాలరీల మామూలు తిండి పెట్టి ఉంటే ఎలా ఉండేదన్న ప్రశ్నను అడిగే ఆసక్తి ఎవరికి ఉంటుంది, ఎవరికి ఉండదు అన్నది మీకు తెలుస్తుంది.

పేపర్ వెనక్కి తీసుకోవడం గురించి కూడా ఒక మాట. స్పెయిన్‌లో ఆలివ్ నూనె, గింజల డైట్ మీద 7,447 మందితో చేసిన ప్రెడిమెడ్ ట్రయల్ 2013లో పెద్ద జర్నల్లో వచ్చింది. జాన్ కార్లైల్ అనే బ్రిటిష్ మత్తు డాక్టరు ఆ ట్రయల్ గ్రూపుల పట్టికల్లోని అంకెల మీద సందేహం లేవదీశాడు. తవ్వి చూస్తే, ఒకచోట మనిషికి మనిషికి చీటీ తీయాల్సింది పోయి క్లినిక్ మొత్తానికి ఒకే డైట్ ఇచ్చేశారని బయటపడింది (పక్కింటివాళ్లకు ఆలివ్ నూనె ఉచితంగా వచ్చి మనకు రాకపోతే ఊరుకుంటామా, అక్కడా అదే గొడవ). 2018లో పేపర్ వెనక్కి తీసుకుని, లెక్కలు మళ్లీ కట్టి, గట్టిగా అన్న మాటలను కాస్త మెత్తబరచి మళ్లీ అచ్చువేశారు. అంకెలు పెద్దగా మారలేదు. కాబట్టి రిట్రాక్షన్ అనగానే దొంగ అనుకోకండి, కారణం చదవండి. కారణమే చెప్పకుండా ఏళ్ల తరబడి అనుమానం కిందే ఉండిపోయిన పేపర్లు ఇంకా ప్రమాదం, వాటిని ఉదహరించేవాళ్లు ఉదహరిస్తూనే ఉంటారు.

ప్రశ్న: హ్యూస్టన్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, 39 ఏళ్లు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు లెక్క) 23. రెండేళ్ల క్రితం షుగర్ అన్నారు. టేలర్ పరిశోధనంతా లావుపాటి తెల్లవాళ్ల మీదే కదా, నాలాంటి సన్న తెలుగువాడికి దానితో పనేంటి? ఇక్కడి ఫ్రెండ్స్ "నువ్వు ఇంకా తగ్గితే గాలికి ఎగిరిపోతావ్" అంటున్నారు.
– ఒక పాఠకుడు

జవాబు: మంచి పాయింటే. డైరెక్ట్‌లో దాదాపు అందరూ తెల్లవాళ్లే, బీఎంఐ 27 పైన ఉన్నవాళ్లే. ఈ సందు ఆయనకూ తెలుసు. 2015లో ర్యూరీ హోల్మన్‌తో కలిసి ఒక పేపర్ రాశాడు, కొవ్వు దాచుకునే హద్దు మనిషి మనిషికీ వేరు, ఒకరికి 110 కిలోల దగ్గర గిన్నె పొంగితే ఇంకొకరికి 65 దగ్గరే పొంగొచ్చు అనే అర్థంలో. దాన్ని పరీక్షించి 2023లో ఇంకో పేపర్ వేశాడు. 20 మంది, సగటు బీఎంఐ 24.8. విడతలు విడతలుగా 800 క్యాలరీలు, ఒక్కో విడతకు ఐదు శాతం బరువు తగ్గేదాకా. సగటున పదిన్నర శాతం పైన తగ్గారు, 20 మందిలో 14 మందికి షుగర్ వెనక్కి పోయింది. 20 మందే కదా అంటారా, అవును, 20 మందే. దాని మీద ఎంత నమ్మకం పెట్టాలో అంతే పెట్టండి.

మన శరీరాల సంగతి మాత్రం టేలర్ కంటే ముందే పుణెలో ఒకాయన పట్టుకున్నాడు. కేఈఎం హాస్పిటల్ డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్. 1993లో పుణె చుట్టుపక్కల పల్లెల్లో గర్భిణులతో మొదలుపెట్టిన అధ్యయనంలో పుట్టిన పిల్లల్ని ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పిల్లలతో పోల్చి చూశారు. అక్కడి బిడ్డ సగటు మూడున్నర కిలోలు, మనది 2.7 కిలోలు. బరువు, కండ, పొట్టచుట్టు అన్నీ మన బిడ్డకు తక్కువే, వీపు మీద చర్మం కింది కొవ్వు మాత్రం దాదాపు వాళ్లంత ఉంది. పుట్టుకతోనే సన్నం, పుట్టుకతోనే కొవ్వు! 2004లో లాన్సెట్‌లో ఆయన, జాన్ యుడ్కిన్ అనే బ్రిటిష్ డాక్టరు కలిసి ఒక పేజీ రాసి, పక్కపక్కన నిలబడ్డ తమ ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. ఆ ఒక్క పేజీ చెప్పింది వంద పేపర్లు చెప్పలేవు, హెచ్-ఇండెక్స్ గురించి పైన అడిగిన అబ్బాయి కూడా చూడాలి.

అమెరికా డయాబెటిస్ అసోసియేషన్ ఏషియన్లకు షుగర్ పరీక్ష మొదలుపెట్టాల్సిన బీఎంఐని 2015లో 23కి దించింది కూడా ఇలాంటి సంగతుల వల్లే. మీరు చేయాల్సింది, ముందు ఇది టైప్ 2 షుగరేనా అని తేల్చుకోవడం. సన్నగా ఉండి నలభై లోపు వచ్చింది కాబట్టి సీ-పెప్టైడ్ (ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చెప్పేది), గ్యాడ్ యాంటీబాడీ (టైప్ 1 ఆనవాలు పట్టేది) పరీక్షల గురించి డాక్టర్ని అడగండి. అది టైప్ 1 (ఇన్సులిన్ తయారుచేసే కణాలే నశించే రకం) జాతిదైతే ఈ డైట్ కథంతా మీకు వర్తించదు, ఇన్సులిన్ ఆలస్యం చేస్తే ప్రమాదం కూడా. టైప్ 2 అని తేలితే నాలుగైదు కిలోలు తగ్గి చూడొచ్చు, ముఖ్యంగా నడుము పెరిగి ఉంటే. ఫ్రెండ్స్ ఏదో అంటారు, పెళ్లినాటి ప్యాంటు పడుతుందో లేదో మీకు తెలుసు కదా.

ప్రశ్న: 800 క్యాలరీలంటే మన తిండిలో ఎంతండీ? పౌడర్లు కొనలేం.
– ఒక గృహిణి, రాజమహేంద్రవరం

జవాబు: చాలా తక్కువ. 100 గ్రాముల బియ్యానికే 350 పైచిలుకు. పెద్ద చెంచాడు నూనెకి 130 దాకా, ఆవకాయ కలుపుకున్న రెండు ముద్దల్లో ఆ నూనె ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. ఇంట్లో సొంతంగా రోజుకు 800తో నెలలు గడపడం మొదలుపెడితే ప్రొటీన్, ఐరన్, విటమిన్లు అందక నీరసపడతారు, పౌడర్ వాడిందీ అవన్నీ లెక్కగా కలిపి ఉంటాయనే. దాని జోలికి పోకుండా అన్నం సగం చేసి ఆ చోట పప్పు, గుడ్డు, పెరుగు, కూర పెంచండి. మన దేశం మొత్తం మీద ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన సర్వేలో తిండి శక్తిలో 62 శాతం దాకా పిండిపదార్థాల నుంచే వస్తోందని తేలింది, కాబట్టి కోత పెట్టాల్సిన చోటు ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: మెంతులు షుగర్ తగ్గిస్తాయని హైదరాబాద్ ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ)లో ఎప్పుడో నిరూపించారని మా మామయ్య అంటారు. రోజూ రాత్రి చెంచాడు నానబెట్టుకుని పొద్దున్నే తింటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ మామయ్య చెప్పిన పరిశోధన నిజంగానే ఉంది. తార్నాకలోని ఆ సంస్థ నుంచి ఆర్.డి. శర్మ, ఆయనతో పనిచేసినవాళ్లు 1980ల నుంచి మెంతుల మీద వరసగా పేపర్లు రాశారు. 1990లో వచ్చినదాంట్లో టైప్ 1 షుగర్ ఉన్న పేషెంట్లకు పది రోజులు మెంతిపొడి పెట్టి, పది రోజులు పెట్టకుండా చూశారు. పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్ రెండూ తగ్గాయి. ఎంత పెట్టారో అడగరేం? నూనె తీసేసిన మెంతిపొడి రోజుకు 100 గ్రాములు, రెండు పూటలుగా. మీ మామయ్య చెంచాలో పట్టేది ఐదు గ్రాములు కూడా ఉండదు. తినడం మానమని చెప్పను, పీచు ఎలాగూ మంచిదే. ఆ చెంచా చూపించి మాత్ర తగ్గించుకుంటానంటే మాత్రం ఒప్పుకోకండి.